సోడాతో తగ్గని గ్యాసు

ఖరగ్‌పూర్ దగ్గరి హిజ్లీలో నా క్లినిక్‌కి వచ్చే తెలుగువాళ్లలో చాలామంది తాతలు బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వేలో పనికి వచ్చినవాళ్లు. తరాలు మారినా ఇంట్లో మాట ఆ యాసే.

ఒక డిసెంబరు ఉదయం రిటైరైన ఫిట్టరొకాయన వచ్చారు. "గేసు పట్టేసింది బాబూ. రాత్రి రెండు సోడాలు తాగేను, తగ్గనేదు" అన్నారు. నొప్పి ఉందా అంటే, "నొప్పేటీ నేదు." అంత చలిలోనూ బనీను తడిసి వీపుకి అంటుకుపోయింది. తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నారు, మళ్లీ చెమట పడుతోంది. ఈసీజీ తీస్తే గుండెపోటు. అప్పటికే కొన్ని గంటలు గడిచిపోయాయి.

ఆయనకు పన్నెండేళ్లుగా షుగరు. అది ఏళ్ల తరబడి నరాలను దెబ్బతీస్తుంది, గుండెనొప్పిని తెలియజేసే నరాలను కూడా. ఆస్పిరిన్ నమిలించి పెద్దాసుపత్రికి పంపాం. బతికారు.

వారం తర్వాత కొడుకు వచ్చాడు. "మాది షుగరు వంశం సార్, గుండెజబ్బు ఎవరికీ లేదు" అన్నాడు. మీ తాతగారు ఎలా పోయారని అడిగాను. "యాభై రెండేళ్లకే, నిద్రలో." ఆయనకూ షుగరేనట. ఆ చావుకు కారణం గుండెజబ్బై ఉండొచ్చని ఆ ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు.

షుగరు, గుండెజబ్బు వంశంలో ఎలా ముడిపడతాయో పరిశోధనలూ కొంత చూపించాయి. 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువుకూ షుగరుకూ ఉన్న సంబంధం బయటపెట్టారు. మరుసటి ఏడే మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భారతీయుల్లోనూ దాన్ని చూపించారు. అదే ఏడాది తొమ్మిదో క్రోమోజోములో గుండెజబ్బుకు ముడిపడ్డ మార్పులు, షుగరుకు ముడిపడ్డవి పక్కపక్కనే దొరికాయి. ఏ ఒక్క జన్యువూ జబ్బును తేల్చదు, నిజమే. కానీ 1998లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనంలో, ఎన్నడూ గుండెపోటు రాని షుగరు రోగికీ, షుగరు లేకుండా ఒకసారి గుండెపోటు వచ్చినవాడికీ గుండెపోటు ముప్పు దాదాపు సమానంగా తేలింది. అందరికీ అంత ముప్పు ఉండదని తర్వాతి పరిశోధనలు సవరించాయి. అయినా ఆ హెచ్చరికను నేను పక్కన పెట్టలేను.

"నేను సన్నంగానే ఉన్నాను కదా సార్" అన్నాడు కొడుకు. టేపు పెట్టి చూస్తే నడుము 94 సెంటీమీటర్లు. మన మగవాళ్లకు 90 దాటకూడదు. చేతులు కాళ్లు సన్నం, కొవ్వంతా పొట్టలో. మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.9 శాతం వచ్చింది. ముప్పై ఆరేళ్లకే షుగరు, తనకు తెలియకుండానే. ఆ రోజే బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూసి మందులు మొదలుపెట్టాను.

షుగరు ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి చెమటలు పోసినా, ఆయాసం వచ్చినా, గ్యాసు ఎంతకీ తగ్గకపోయినా సోడా తాగి తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఈసీజీ తీయించండి.