నాయిన కంట్లో నూనె

మీ ఇంట్లో ఎవరికైనా రెటీనా ఆపరేషన్ అయితే, వాళ్ల డిశ్చార్జి కాగితం ఒక ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. అందులో ‘పీపీవీ + ఈఎల్ + ఎస్‌ఓఐ’ లాంటి ముక్క ఒకటి కనిపించొచ్చు. పొద్దంతా ఎర్రర్ లాగ్‌లు చదివే నాకే అది మొదట అర్థం కాలేదు. మొదటిది కంటి లోపలి జెల్లీ తీసెయ్యడం, రెండోది లేజర్, మూడోది సిలికాన్ ఆయిల్ నింపడం. ఆపరేషన్ అయిపోయింది కదా అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ మూడోది ఉందంటే పని ఇంకా సగమే అయినట్టు. పోసిన నూనె మళ్లీ బయటికి రావాలి.

మాది పుట్టపాక. పాత నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. తేలియా రుమాల్ మా ఊరిదే, 2020లో జీఐ గుర్తింపు వచ్చింది. చిటికి కట్టి రంగు అద్దిన నూలు పడుగులోనూ పేకలోనూ ఒకేచోట కలవాలి. వెంట్రుకవాసి జరిగినా పువ్వు చెదిరిపోతుంది. ముప్పై ఏళ్లుగా నాయిన చేసేది అదే, మైనస్ ఎనిమిది అద్దాలతో. అంత పవర్ ఉన్న కళ్లలో రెటీనా పలచబడి చిరిగే ప్రమాదం ఎక్కువని మాకు తర్వాత తెలిసింది. ముందు దూది పింజలు తేలినట్టు కనిపించాయంట, రాత్రిళ్లు మెరుపులు. మగ్గం గుంతలో కూర్చునే మనిషికి దూది పింజలు కనపడితే అనుమానం ఎందుకొస్తుంది? “పోగులు వంకర్లు పోతున్నయ్‌రా” అని ఫోన్ చేసిన రోజు, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ తీసుకొచ్చేశాం. అప్పటికే కుడికంట్లో రెటీనా, నడిమధ్య భాగంతో సహా, ఊడిపోయి ఉంది.

తడి గోడ మీద సున్నం పెచ్చు లేచినట్టు అనుకోండి. చిరుగులోంచి నీరు లోపలికి దిగి పొరను గోడనుంచి విడదీస్తుంది. పొరను మళ్లీ అతికించి, లేజర్ మచ్చలు గట్టిపడే దాకా లోపలినుంచి ఏదో ఒకటి ఒత్తిపట్టి ఉంచాలి. గ్యాస్ పెడితే అదే కరిగిపోతుంది, అది పోయే దాకా విమానం ఎక్కొద్దంటారు. కష్టమైన కేసుల్లో నూనె పెడతారు, అది దానంతటది పోదు. 1962లో పాల్ సిబిస్ అనే డాక్టర్ మనుషుల కళ్లలో దీన్ని వాడినట్టు ప్రకటించాడు. నీటికన్నా కొంచెం తేలిక, సాంద్రత 0.97. అందుకే పైకి తేలుతుంది, అందుకే మనిషిని బోర్లా పడుకోమంటారు. నాయిన పది రోజులు మంచం అంచున తల వేలాడేసుకుని, కింద పెట్టిన ఫోన్లో పాత సినిమాలు చూశాడు. మెడనొప్పి గురించి చెప్పను, ఆయన చాలాసార్లు చెప్పాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. సొంత లెన్స్ ఉన్న కంట్లో సిలికాన్ నూనె నిండితే చూపు ఐదారు పవర్లు ప్లస్ వైపు జరుగుతుంది. మైనస్ ఎనిమిది ఉన్నాయనకి ఇది లాటరీ తగిలినట్టే. అద్దాలు లేకుండా గోడ గడియారం ముల్లు మసకగా అయినా దొరికింది. “ఇదే మంచిగున్నది. తీపియ్యొద్దు” అని కూర్చున్నాడు. నూనె తీసేశాక రెటీనా మళ్లీ ఊడొచ్చని డాక్టర్ చెప్పిన మాట కూడా ఆయన వైపే పనిచేసింది. నిజంగానే ఆ ప్రమాదం ఉంది. దాచాల్సిన పని లేదు.

నాలుగో నెల చెకప్‌లో కంటి ఒత్తిడి 28 వచ్చింది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. స్టెరాయిడ్ చుక్కల వల్ల కూడా పెరుగుతుంది కాబట్టి ముందు అవి ఆపి, ఒత్తిడి తగ్గించే చుక్కలు రాసిచ్చారు. తర్వాత డాక్టరమ్మ స్లిట్ ల్యాంప్ పక్క గొట్టంలోంచి నన్ను చూడమంది. నల్లగుడ్డు ముందు, పైఅంచున, సన్నటి నురగలాంటి బుడగలు. నూనె విరగడం మొదలైందంది. దాన్ని ఎమల్సిఫికేషన్ అంటారు.

నేను నాయినకి పాలు, మజ్జిగ ఉదాహరణలు మొదలుపెట్టాను. ఆయన ఆపేశాడు. “నూనె, నీళ్లు ఉత్తగ కలువయి. బూడిద ఏడికెల్లి వచ్చింది?”

నేను చదివిన పేజీలన్నిటికన్నా సూటైన ప్రశ్న అది. తేలియా రుమాల్ నూలును నూనెలో, ఆముదపు కాయల తొక్కు కాల్చిన బూడిద నీళ్లలో రోజుల తరబడి పిసుకుతారు. బూడిదలోని క్షారం కొంత నూనెను సబ్బుగా మారుస్తుంది, ఆ సబ్బు మిగతా నూనెను సన్న బొట్లుగా నీళ్లలో నిలబెడుతుంది. కంట్లో బూడిద ఉండదు. రక్తంలోంచి, వాపులోంచి వచ్చే ప్రొటీన్లు, కొవ్వులు ఆ పని చేస్తాయి. పిసికే చేతులు కూడా ఉన్నాయి. మన కన్ను సెకనుకు రెండు మూడుసార్లు అటూ ఇటూ దూకుతూనే ఉంటుంది, నూనెకూ నీటికీ మధ్య అంచు ప్రతిసారీ కోసుకుపోతుంది. చిక్కటి నూనె కొంచెం ఆలస్యంగా విరుగుతుంది. అందుకే 1000, 5000 సెంటీస్టోక్స్ అని రెండు రకాలు వాడతారు. నీరు దాదాపు ఒకటి. విరిగిన బొట్లు కంట్లో నీరు బయటికి పోయే జల్లెడలో ఇరుక్కుంటే ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి నిలిచిపోతే కంటి నరం ఎండుతుంది. ఎండిన నరం ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు.

“అయితే మూలన కూసున్న బూడిద ఇదన్నట్టు” అన్నాడు నాయిన. ఒప్పుకున్నట్టు మాత్రం కాదు.

ఆయన్ని ఒప్పించింది నేను కాదు, నారాయణపేట మామ. పాలమూరు వైపు మగ్గాలు నడవక షోలాపూర్ పవర్‌లూమ్‌కి పోయిన వేలమందిలో ఆయనొకడు. కంట్లో నూనె పోయించుకుని, నొప్పి లేదు కదా అని షోలాపూర్ వెళ్లిపోయాడు. రెండున్నరేళ్లు. రోజు కూలి వదులుకుని, రైలెక్కి, హైదరాబాద్‌లో రెండు రాత్రులు ఉండటం అంటే ఏమిటో, నెల జీతం వచ్చే మనం ‘నిర్లక్ష్యం’ అనే ముందు లెక్కేసుకోవాలి. ఆయన కంటి నల్లగుడ్డు పైభాగంలో తెల్లటి పట్టీ ఉంటుంది, పాలమీగడలా. వెలుతురు తప్ప ఇంకేం తెలియదు ఆ కంటికి. వీడియో కాల్‌లో ఫోన్ దగ్గరగా పెట్టుకుని నాయినకి ఆ కన్ను చూపించి, “బావా, నీ కన్ను గిట్లయ్యేదాంక ఆగుతవా?” అన్నాడు. అంతే.

ఐదో నెలలో నూనె తీశారు. ఆ తర్వాత ఆరు వారాలు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడలేదు. పొద్దున లేవగానే అమ్మ ఆయన ఎడమకన్ను మూసి, “కుడికంటికి తెర గిట్ల వచ్చిందా?” అని అడిగేది. రాలేదు. ఒత్తిడి 17కి దిగింది, ఒక చుక్కల మందు మాత్రం ఇంకా ఉంది. తీశాక కూడా కొన్ని బుడగలు లోపల మిగులుతాయి, మెరుస్తూ అడ్డం వస్తాయి. మైనస్ పవర్ తిరిగొచ్చింది. నూనె ఉన్న కళ్లకి తరచుగా వచ్చే శుక్లం కూడా మొదలైంది, దానికి ఇంకో ఆపరేషన్. ఆ కంటితో బోర్డు మీద పెద్ద అక్షరాలు చదువుతాడు. పోగు కనపడదు. ఎడమకంట్లో పలచబడ్డ చోట్ల ముందుజాగ్రత్తగా లేజర్ చేశారు. పడుగు అతకడం ఆ కంటితోనే, సగం వేళ్లతోనే నడుస్తోంది. నెలకు రుమాళ్లు తగ్గాయి. డిజైను తప్పితే మాత్రం మునుపటికన్నా ముందే ఆయనకే తెలుస్తోంది, ఎలాగో నాకర్థం కాదు.

వచ్చే బుధవారం నాయినకి చెకప్. మామ కూడా వస్తున్నాడు. ఆ కంటికి చూపు రాదు, ఒత్తిడి వల్ల వచ్చే నొప్పికైనా దారి దొరుకుతుందేమో చూడాలి. రెండో కంటి ఒత్తిడి కూడా కొలిపించాలి. మహబూబ్‌నగర్ బస్సులో ఆరాంఘర్ దగ్గర దిగుతానన్నాడు. “పాత కాగితాలు మర్చిపోకు మామా” అంటే, “ఫోటో దీసి పంపిన అల్లుడా, నీ ఫోన్ల జూసుకో” అన్నాడు.