బోర్లా పడుకున్న ఫోను

ఈ మధ్య మా పలాస-కాశీబుగ్గలో ఎక్కడ టీ తాగడానికి కూర్చున్నా ఫోన్లు బోర్లా పడుకుని కనిపిస్తున్నాయి. అన్నీ కాదు లెండి, వెనకాల కొరికిన యాపిల్ బొమ్మ ఉన్నవే. మిగతావి మామూలుగా వెల్లకిలా పడి, ఎవరైనా పిలుస్తారేమోనని పైకి చూస్తుంటాయి. బోర్లా ఫోను మోగితే దాని యజమాని తిప్పి చూస్తాడు, మాట్లాడతాడు, మళ్లీ జాగ్రత్తగా బోర్లా పెడతాడు. అద్దం గీసుకుపోతుందన్న భయం కూడా లేదు. ఆ జాగ్రత్త చూస్తే నాకు టీ సయించదు.

సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు ఈ మంటకు కాస్త ఆజ్యం పోశాడు. హైదరాబాదులో ఉద్యోగం. నా ఫోను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఏటి మావా, ఇంకా ఇదేనా? ఒక్కసారి ఐఫోను వాడి సూడు, మరింకోటి ముట్టవు" అన్నాడు. ఎంతరా అని అడిగితే నెలకెంతో చెప్పాడు. మొత్తం ఎంతని అడిగితే మళ్లీ నెలకెంతో చెప్పాడు.

జీడిపప్పుకు పేరున్న పలాసలో పుట్టినవాడికి ఈ హోదా వ్యవహారం కొత్తేమీ కాదు. జీడిపప్పులో 180 నంబరు గుడ్డు ఉంటుంది. పౌనుకు నూట ఎనభైకి మించకుండా తూగే పెద్ద పప్పు. దాని తరవాత 210, 240, 320, ఇంకా కిందికి బద్దలు, ముక్కలు. 180 గుడ్డు అట్టపెట్టెల్లో కూర్చుని పెళ్లిళ్లకూ దీపావళి కానుకలకూ పోతుంది. పరమాన్నంలోకి మా ఇళ్లలో పడేది బద్దే. నేతిలో వేగాక కళ్లు మూసుకుని బద్దకూ గుడ్డుకూ రుచిలో తేడా చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అలాగని 180కి ఆ ధర ఊరికే రాలేదు, పిక్కలోంచి విరగకుండా తియ్యడానికి చెయ్యి తిరగాలి. ఐఫోనూ అంతే. పనితనం ఉంది, కాదనను. 2008 ఆగస్టులో మన దేశంలోకి వచ్చినప్పుడే ఎనిమిది జీబీ ఫోను 31,000 రూపాయలు. ఏడేళ్ల తరవాత, 2015 ఆగస్టులో, మన శ్రీసిటీలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖలో విడుదల చేసినప్పుడు దాని ధర 6,999. మా ఉద్దానం ప్రాంతం ఇంటర్నెట్టు నేర్చుకున్నది ఈ రెండో రకం ఫోన్లలోనే. బద్దల మీదే బతికాం.

వీడియో ఐఫోనులోనే బాగా వస్తుందంటారు, నిజమే. ఎక్కువ కాలం మన్నుతుందన్న మాట కూడా ఒకప్పుడు పూర్తిగా నిజం. 2015 నాటి ఐఫోను 6ఎస్‌కు 2021లో కూడా కొత్త సాఫ్ట్‌వేరు ఇచ్చారు. అప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లను రెండేళ్లకే గాలికి వదిలేసేవారు. ఇప్పుడు గూగుల్, శామ్‌సంగ్ తమ ఖరీదైన ఫోన్లకు ఏడేళ్ల మాట ఇస్తున్నాయి గనక ఆ గొప్ప కొంత తగ్గింది. పోటీదార్ల సంగతంటారా, వాళ్లకూ సొంత బుద్ధి తక్కువే. 2020లో ఐఫోను 12 పెట్టెలోంచి ఛార్జరు తీసేస్తే శామ్‌సంగ్ వాళ్లు ఎకసెక్కం చేశారు. మూడు నెలలు తిరిగేసరికి తామూ తీసేశారు.

ఆ ఫోను మీద నాకున్న అసలు కక్ష తెలుగుకు సంబంధించింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరానికి ఐఫోన్లు కుప్పకూలాయి. ఆ అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో మెసేజీగా వస్తే, దాన్ని తెరిచిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. నోటిఫికేషన్లో వస్తే ఫోను మొత్తం ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగేది. అదే మెసేజీ ఐదారు వేల ఆండ్రాయిడ్ ఫోనులో నిక్షేపంగా కనిపించింది. ఆ నెల 19న సాఫ్ట్‌వేరు మార్చి సరిచేశారు. జ్ఞానం భరించలేని ఫోనని అప్పట్లో అందరూ వేళాకోళం చేసేశారు గనక నేను మళ్లీ చెయ్యను. కానీ ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషలో ఒత్తులూ గుణింతాలూ కలిసి రాస్తే ఏమవుతుందో, ముందుగా ఒక తెలుగువాడి చేత నాలుగు ముక్కలు టైపు చేయించి చూడలేకపోయారా? లక్షకు చేరుతున్న ఫోనండీ!

ఇక వేళ్ల సంగతి. జీడిపిక్క తొక్కలో ఉండే జిడ్డు చర్మాన్ని కాల్చేస్తుంది. మా పలాస చుట్టుపక్కల పిక్కలు కొట్టి బతికే ఆడవాళ్ల అరచేతులు చూస్తే తెలుస్తుంది, వేళ్ల కొసలు నల్లబడి, పొరలు లేచి, రేఖలు అరిగిపోయి ఉంటాయి. రేషన్ డిపోలో వేలిముద్ర మిషను ముందు నిలబడి ఆ వేలు కొంగుతో తుడుస్తారు, నీళ్లతో తడుపుతారు, పెడతారు. మిషను ఒప్పుకోదు. "ఇంకో ఏలు పెట్టు పిన్నీ" అంటాడు డిపో కుర్రాడు. ఇంకో వేలుదీ అదే కథ. పదివేళ్లూ అయ్యాక, కంటి మిషనుంటే తెమ్మని వెనకనుంచి ఎవరో అరుస్తారు. సొంత బియ్యం కోసం తానే తానని రుజువు చేసుకోవాల్సి వచ్చిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను, మళ్లీ చూడాలని లేదు. ఆ ముద్ర చదవలేని యంత్రాన్నే ఫోన్లలోనూ పెట్టి, గొప్ప సౌకర్యమని అమ్మారు. 2017లో వచ్చిన ఐఫోను టెన్ మాత్రం వేలిముద్రను వదిలేసింది. కంటికి కనబడని వెలుగు చుక్కలు ముప్పై వేలకు పైగా ముఖం మీద చల్లి మనిషిని గుర్తుపడుతుంది, చీకట్లో కూడా. అంటే జీడిపిక్కలు కొట్టే మనిషికి అచ్చంగా అమిరే తాళం, ఆమె ఎన్నటికీ కొనని ఫోనులో ఉందన్నమాట. ఆమె తన చవక ఫోను మీద గీత గీసుకుని తెరుచుకుంటుంది. మా మేనల్లుడికి ఈ మాట చెబితే, "బాగా సెప్పావు మావా, మరి కొనీ" అన్నాడు. నేను చెప్పింది వాడి చెవికెక్కలేదు.

నన్నడిగితే ఈ తీరంలో ఫోనుకు పరీక్ష పెట్టాల్సింది తుపాను. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరిచెట్లు మొదలంటా పోయాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి. టవర్లు పనిచెయ్యకపోతే ఏ ఫోనైనా గాజుపలకే. ఆ చీకట్లో మా ఇంట్లో పనికొచ్చింది నోకియా 1100. 2003లో వచ్చిన సెట్టు, నెత్తిన టార్చి, దుమ్ము దూరని రబ్బరు మీటలు. దాని బ్యాటరీ బీఎల్-5సీ, గోటితో వెనక మూత తీస్తే చేతిలోకి వచ్చేది. ఒకటి అయిపోతే జేబులోంచి ఇంకోటి. ఆ బ్యాటరీ గురించి నేను మొదలుపెడితే మా ఇంట్లో అందరూ లేచి వెళ్లిపోతారు, అయినా చెబుతాను. నోకియా చెన్నై దగ్గర పెట్టిన ఫ్యాక్టరీ 2014లో మూతపడింది గాని, బీఎల్-5సీ చావలేదు. సంతలో దొరికే చిన్న రేడియోలు ఎన్నో దాని మీదే పాడుతున్నాయి. తుపాను వార్తలు విన్నది అలాంటి రేడియోలోనే. ఐఫోను పుట్టిన దగ్గర్నుంచీ బ్యాటరీని లోపల పెట్టి మూసేసింది, దాన్ని చూసి మిగతావాళ్లూ మూసేశారు. నమ్మకంగా మార్పించుకోవాలంటే మావాళ్లు విశాఖ రైలెక్కుతారు. వాడేవాళ్లే తీసి మార్చుకునేలా బ్యాటరీలు ఉండాలని, కొన్ని మినహాయింపులతో, యూరప్ వాళ్లు 2027 ఫిబ్రవరి నుంచి అమలయ్యేలా చట్టం చేశారు. వాళ్లకు తిత్లీ రాలేదు, అయినా తట్టింది.

పాత ఫోన్లు తలుచుకుంటే ఎస్టీడీ బూతు కూడా గుర్తొస్తుంది. పసుపు బోర్డు, గాజు తలుపు, లోపల ఫ్యాను లేని ఉక్క. మావాళ్లు వలస వెళ్లని చోటంటూ లేదు. చెన్నై, ముంబై, అండమాన్, గల్ఫ్, చేపలవేటకు గుజరాత్ వెరావల్. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు అరుగు మీద కూర్చునేవారు. లోపలికి వెళ్లాక చెప్పాలనుకున్నవన్నీ మానేసి ఎర్రంకెల మీటరు వంకే చూసేవారు. "బాగున్నావా, బాగున్నాను, ఉంటాను." ఆ మూడు ముక్కలకే కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేవారు. అవతలివాడు మాట్లాడింది నాలుగు రోజులు వీధిలో అందరికీ చెప్పేవారు.

మేం వెళ్లే బూతాయన ఇప్పుడు అదే కొట్లో ఫోన్లకు టెంపర్డ్ గ్లాసులు అతికిస్తున్నాడు. బుడగ రాకుండా అతికించడంలో పలాసలో ఆయనకు సాటి లేదు. నా ఫోనుకు నూరు రూపాయలు తీసుకున్నాడు. నా పక్కన నిలబడ్డ కుర్రాడి ఐఫోనుకు మూడొందలు తీసుకున్నాడు. రెండూ ఒకే డబ్బాలోంచి తీశాడు, ఒకే గుడ్డతో తుడిచాడు. కుర్రాడు వెళ్లాక, అదేటండీ అంత తేడా అన్నాను.

"ఆళ్లు బేరవాడరు బాబూ" అన్నాడు.