తాత మాత్ర

మా తాత సింగరేణి గనిలో పనిచేసి రిటైరైనాడు. రామగుండం ప్రక్కనే గోదావరిఖనిలో మా ఇల్లు. తాతకు రక్తపోటు. రోజూ ప్రొద్దున ఒక మాత్ర మింగాలి.

నేను ఆరో తరగతిలో వుండగా ఒకనాడు తాతకు గొంతు వాచింది. "మాత్ర మింగుడు పడ్తలేదు బిడ్డా," అన్నాడు. నాకు గొప్ప ఉపాయం తట్టింది! మాత్రను అల్లం దంచే చిన్నరోట్లో నూరి, తేనెలో కలిపి నాకించాను. తాత నా తల నిమిరాడు.

కొంతసేపటికి తాత లేవబోయి కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు. బాపు ఆటో పిలిపించాడు. ఎందుకిలా అయిందో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం ఆ రోలు కేసి చూస్తే భయం వేసింది. చెబితే దెబ్బలు పడతాయి. చెప్పకపోతే తాత ఏమవుతాడు? పరుగెత్తుకుంటూ పోయి ఆటో ఎక్కాను. "నేనే నూరిన బాపూ," అని ఏడ్చాను.

డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. "ఇది రోజంతా కొంచెం కొంచెంగా కరగవలసిన మందు. నూరితే అంతా ఒక్కసారే ఒంట్లో పడింది. ఇలాటివి అడగకుండా నూరకూడదు. చెప్పావు గనుక మాకు పని తేలికైంది," అన్నది. సాయంత్రానికి తాత తేరుకున్నాడు.

నెమ్మదిగా కరగాలని మాత్రకు ఎలా తెలుసు? ఆ సందేహం నన్ను వదలలేదు. పెద్దయ్యాక మందుల చదువుకని వరంగల్ వెళితే, ప్రయోగశాలలో జవాబు సీసాలో కనిపించింది. అందులో వున్నవి చింతగింజలు!

ఏటా ఎండాకాలంలో నాయనమ్మ చింతపండు కొట్టి, గింజలు తీసి పారేసేది. ఓనగుంటలు ఆడటానికి మేము గుప్పెడు ఏరుకునేవాళ్ళం. ఆ గింజల గంజి పెడితే గొంగడి బిరుసెక్కుతుందని ఆమె చెప్పేది. కొండపల్లి బొమ్మల వాళ్ళు కూడా రంపపు పొట్టులో ఆ జిగురే కలిపి, ముక్కలు అతుకుతారు.

మందుకు పనికివచ్చేదీ ఆ జిగురే. పొట్టు తీసిన గింజను పొడిచేసి, నీళ్ళలో ఉడికించి, పైతేటలో ఆల్కహాలు పోస్తే జిగురు తెల్లగా విడిపోతుంది. దాన్ని ఎండబెట్టి, మందుతో కలిపి మాత్రగా నొక్కుతారు. కడుపులో నీరు తగలగానే మాత్ర పైపొర ఉబ్బి జెల్లీ అవుతుంది. లోపలి మందు ఆ జెల్లీ గోడలోనుంచి మెల్లగా ఊరుతూ బయటికి రావాలి. నూరితే ఇక గోడ ఎక్కడిది?

నాగపూరు సంత్రాలు తిని మనం పారేసే తొక్కలో కూడా ఇటువంటి పదార్థం వున్నది. దానికి 1825లో బ్రాకొనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెక్టిన్ అని పేరు పెట్టాడు. అయితే తాత మింగినది చింతగింజ మాత్ర అనుకోకండి. బజారులో దొరికే ఇలాటి మాత్రలలో ఎక్కువగా వాడేది కొయ్య నుంచీ దూది నుంచీ తీసిన పీచుపదార్థం. చింతగింజల మీద పరిశోధనలు జరుగుతున్నాయి.

సెలవులకు వస్తూ, మందు కలపని చింతజిగురు మాత్ర ఒకటి తెచ్చి, గ్లాసు నీళ్ళలో వేసి తాత ముందు పెట్టాను. తాత పడుకునే వేళకు కూడా అందులో తెల్లటి ముద్ద మిగిలేవుంది. తాత గ్లాసును దీపానికి ఎదురుగా పట్టి చాలాసేపు చూశాడు. తరవాత నాయనమ్మతో, "ఆ చిన్నరోలు జర దూరం పెట్టు," అన్నాడు.