నీటికి చెరగని ఫోటో

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చినప్పుడు, మా తల్లిగారి (అల్లాహ్ ఆమెపై కరుణ చూపుగాక) ఫోటోల ఆల్బమ్ నీట మునిగింది. స్టూడియోలో కడిగించిన పాత ఫోటోలను ఆరబెడితే కొన్నయినా దక్కాయి. ఇంట్లోని ఇంక్‌జెట్‌పై మేము ముద్రించుకున్న వాటిలో మాత్రం రంగు కరిగి, ముఖమే మిగలలేదు.

ఫోనులో ఉన్నవాటిని మళ్లీ ముద్రించుకోవడానికి గవర్నర్‌పేటలో ప్రింటర్ చూడబోయాము. “ఇంకు ట్యాంకుది తీసుకోండి మౌల్వీగారూ, పేజీకి పైసల్లోనే అవుతుంది” అన్నాడు దుకాణదారుడు. పిల్లల పాఠాలకైతే అది మేలే. కానీ అటువంటి చాలా ప్రింటర్లలో రంగులు నీటిలో కరిగే డై ఇంకులే. పైగా వారాల తరబడి వాడకపోతే నాజిళ్లు ఎండి మూసుకుపోతాయి. మేము నెలకొక ఫోటో కూడా తీయము! పిగ్మెంట్ ఇంకు తడికి మెరుగే గాని, ఆ ఫోటో ప్రింటర్ల ధర మా జీతానికి అందదు.

చివరకు డై సబ్లిమేషన్ రకం చిన్న ప్రింటర్ తీసుకున్నాము. అది వేడితో రంగును కాగితంలోకి ఎక్కించి, పైన పారదర్శకమైన పొర వేస్తుంది. 4×6 అంగుళాల ఫోటోలే వస్తాయి, ఒక్కొక్కదానికి ఖర్చూ ఎక్కువే. మాకు కావలసినవి పన్నెండు.

మొదటి ప్రింటును నీళ్ల పళ్లెంలో వేసి చూశాము. అమ్మీ ముఖం చెదరలేదు. గోడకు వేలాడదీయలేదు, ఆల్బమ్‌లో ఉంచి, ఈసారి దానిని అటకమీద పెట్టాము.