ఎర్రుపాలెమున నాలుగు చక్రముల లంఘనము

గత వేసవి సెలవులలో మావారికి బడి లేనందున, పిల్లవానిని వెంటబెట్టుకొని మేము మా అక్కగారి ఊరికి బయలుదేరితిమి. ఆమె అత్తవారిల్లు ఖమ్మము జిల్లా ఎర్రుపాలెము మండలమున నొక పల్లె. విజయవాడనుండి కాజీపేటకు బోవు రైలుమార్గమున, కొండపల్లి దాటిన పిదప, మధిరకు ముందు ఎర్రుపాలెము స్టేషను వచ్చును. 2014వ సంవత్సరము జూన్ 2వ తేదీనుండి ఈ దారిలో రైలు ఒక రాష్ట్రమును విడిచి వేరొక రాష్ట్రమున ప్రవేశించుచున్నది. అయినను కిటికీలోనుండి చూచువారికి ఆ హద్దు ఎక్కడనో తెలియదు. ఇటును అటును అవే చేలు, అవే మామిడితోటలు, ప్రయాణికుల నోట అదే తెనుగు.

మరునాడు శనివారము. తెల్లవారకమునుపే అక్కయ్య మమ్ము లేపి జమలాపురము ప్రయాణము కట్టించినది. ఆ క్షేత్రము ఈ మండలములోనిదే. అచ్చట వెలసిన వేంకటేశ్వరస్వామిని దర్శింపవచ్చు జనులు ఆ చోటును తెలంగాణ చిన్న తిరుపతి యందురు. పూర్వము జాబాలి మహర్షి అచ్చట తపస్సు చేసెనని స్థలపురాణము. దర్శనమైన పిమ్మట అక్కయ్య కొంగుముడి విప్పి హుండీలో డబ్బు వేసినది. ఏమి మ్రొక్కని అడిగితిమి. “మన అబ్బాయి చేయి విరుగకుండ బెణుకుతో పోయినది, చెల్లీ. అందుకు” అనెను.

సంగతి ఇది. ఆమె కుమారునకు పదునెనిమిదేండ్లు నిండినవి. వాడు రెండు నెలల క్రిందట ఒక పాత క్వాడ్ బైకును కొని తెచ్చెను. ఇది నాలుగు లావైన చక్రములు గల బండి. మోటారు సైకిలువలె దానిపై కాళ్లు చెరియొకప్రక్కను వేసి కూర్చుండవలెను. రాచబాటలకు గాక, మిట్టపల్లములకును ఇసుకనేలలకును చేయబడినది. 1970లో హోండావారు అమెరికాలో ఇట్టి మూడు చక్రముల బండిని అమ్మజూపిరి. అది తేలికగా తలక్రిందులగుచు పలువురి ప్రాణములు తీయగా, 1988లో అచ్చటి ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడికచేత క్రొత్తవాటి అమ్మకము నిలిచినది. నాలుగు చక్రములవి నిలిచినవి. మనదేశమున రామోజీ ఫిలింసిటీ వంటి విహారస్థలములందు వీనిని నడుపుట చూడవచ్చును.

అబ్బాయి ఎండిన చెరువులో మట్టి దిబ్బ పోయించి, దానిమీదనుండి బండిని గాలిలోనికి ఎగిరించుట మొదలిడెను. ఒకనాడు దిబ్బ అంచున బండి వెనుకభాగము గుఱ్ఱము తన్నినట్లు పైకి లేచి, ముందు చక్రములు నేల గ్రుచ్చుకొని, వాడు ఒండ్రులో పడెను. నాటినుండి అక్కయ్య ఆ బండిని అమ్మివేయుమనుచున్నది; వాడు వలదనుచున్నాడు. ఇంటిలో అన్నము వడ్డించునపుడు గూడ మాటలు లేవు. మేము వెళ్లునాటికి పరిస్థితి అట్లున్నది.

బావగారి తమ్ముని కుమారు డొకడు ఇంజనీరింగు చదువుచున్నాడు. కళాశాలల విద్యార్థులు తమ చేతులతో ఇట్టి బండ్లను నిర్మించి పోటీపడు బాజా అను పందెములు మనదేశమున 2007నుండి జరుగుచున్నవి. వాడు అందు పనిచేసినవాడు. ఆ సాయంకాలము వాడు వచ్చి బండిని పరీక్షించి నవ్వెను. “పిన్నీ, ఎగరాలంటే గట్టిగా ఉండాలనుకొని, అన్నయ్య స్ప్రింగుల రింగులన్నీ చివరిదాకా బిగించేశాడు!” అనెను. అబ్బాయి తల వంచుకొనెను.

మాకు వెంటనే సుందరకాండము జ్ఞప్తికి వచ్చినది. సముద్రలంఘనమునకు ముందు హనుమంతుడు నిటారుగ బిగిసి నిలువలేదు. నడుము వంచి, పాదములు ముడుచుకొని, భుజములు స్థిరపరచుకొనెను. ఒదుగలేనివాడు ఎగురలేడు. ఈ మాట చెప్పగా ఆ పిల్లవాడు, “అదే పిన్నీ, ఈ యంత్రం చేసేదీ అదే” అని కూర్చుండి మాకు పాఠము చెప్పెను.

ఇరుసునకును బండి చట్రమునకును నడుమ ప్రతి చక్రమువద్ద ఒక స్ప్రింగును, దాని లోపల నూనెగొట్టమును గలవు. ఆ రెంటిని కలిపి షాకబ్జార్బరందురు. స్ప్రింగు బరువును మోయును. నూనె దాని వేగమును అదుపులో నుంచును. సూదిమందు గొట్టమున నీరు నింపి నొక్కినచో సన్నని రంధ్రముగుండ నీరు నెమ్మదిగా పోవునుగదా. లోపల జరుగునది అదియే. బ్యాంకుల తలుపులు దబాలున కొట్టుకొనక మెల్లగా మూతపడుటయు ఈ సూత్రముననే. మరలు రెండు: ఒకటి స్ప్రింగు అణగు వేగమునకు, రెండవది మరల పైకి లేచు వేగమునకు.

అబ్బాయి పడుటకు హేతువు ఇందున్నది. దిబ్బ నెక్కునపుడు బండి స్ప్రింగులు అణగును. అంచు దాటగనే అవి విప్పారును. ఆ విప్పారుటను పట్టియుంచవలసిన మర పూర్తిగా వదలియుండుటచే వెనుక స్ప్రింగులు ఒక్క పెట్టున తన్నినవి. రింగులు మితిమీరి బిగియుటచే ఆ తన్ను మరింత బలపడినది.

ఇక సవరణ. మొదట టైర్లలో గాలి చూచిరి. కారు టైరునకు ముప్పది పౌండ్లు పట్టునెడ దీనికి అయిదారు పౌండ్లే చాలును. బండిమీద వ్రాసిన లెక్కనే అనుసరింపవలెను. పిదప జాకీతో బండిని లేపి చక్రములను వ్రేలాడనిచ్చి, ఇరుసునుండి చట్రముమీద గుర్తు పెట్టిన చోటికి టేపుతో కొలిచిరి. తరువాత బండిని దించి, అబ్బాయిని శిరస్త్రాణముతో సహా కూర్చుండబెట్టి మరల కొలిచిరి. ఈ రెంటి భేదమే బండి దిగుబాటు. చక్రము కదలగల మొత్తము దూరములో మూడవవంతు ఇంచుమించుగా దిగవలెనట. ఆ బండిచక్రము పదియంగుళములు కదలును, దిగినది రెండంగుళములే. బావగారిని కూర్చుండబెట్టి చూడగా ఇంకను దిగినది. కావున ఒకరి బరువునకు సరియైనది వేరొకరికి సరికాదు. పానాతో రింగులను కొంచెము కొంచెముగా వదల్చి, దిగుబాటు మూడంగుళములకు పైగా తెచ్చిరి. రింగు త్రిప్పుటచే స్ప్రింగు మెత్తనిది కాదు, బండి నిలుచు ఎత్తే మారును. రింగు ఎంత త్రిప్పినను కుదరనిచో స్ప్రింగునే మార్చవలెను.

నూనె మరలను ముందు పూర్తిగా మూసి, ఎన్ని టిక్కుల చప్పుళ్లకు తెరచుకొనునో లెక్కించిరి. ఆ లెక్కలను మేము అక్కయ్య పాలపద్దు వెనుకపుటలో వ్రాసితిమి. ఒకసారి ఒక్క మార్పే చేయవలెను, అదియు రెండు టిక్కులకు మించరాదు. లేనిచో దేనివలన మేలయ్యెనో తెలియదు. కూరలో ఉప్పును కారమును ఒక్కసారి వేసి రుచి చూచినట్లగును.

మరునాటి ఉదయము చెరువులో దిబ్బను మూరెడెత్తునకు తగ్గించిరి. షాకబ్జార్బరు కడ్డీకి సన్నని రబ్బరు రింగొకటి తొడిగిరి. బండి ఎంత అణగినదో అంతవరకు అది జరిగి నిలుచును. మొదటి గెంతునకు రింగు చివరివరకు పోయి, లోపల లోహము తగిలి ఖంగుమనెను. అక్కయ్య మా చేయి గట్టిగ పట్టుకొనినది. అణగు మరను రెండు టిక్కులు బిగించిరి. ఈసారి చివరకు వ్రేలెడు దూరమున రింగు ఆగెను. చప్పుడు మెత్తగా వినబడెను. లేచు మరను బిగించిన పిదప వెనుక తన్ను పోయినది, నాలుగు చక్రములును ఇంచుమించు ఒక్కసారి నేలనానెను. అయితే మరీ బిగించుటచే, వరుస గతుకులమీద స్ప్రింగులు లేచుటకు వ్యవధి చాలక, బండి అడుగంటి నడచెను. ఒక టిక్కు వదలిరి. గంటన్నర పట్టినది. అప్పటికి పుట నిండినది.

ఇదంతయు చూచి మా పిల్లవాడు, “నేనూ ఒక్కసారి” అని మారాము చేసెను. వానికి పదేండ్లు. పదునారేండ్లు నిండనివారిని పెద్దల క్వాడ్ బండి నెక్కించరాదని తయారుచేయువారే చెప్పుదురు. ఒక్కరికై చేసిన బండిపై వెనుక ఇంకొకరిని కూర్చుండబెట్టుటయు తగదు. సోదరీమణులారా, విహారస్థలమున బిడ్డ ఏడ్చెనని ఈ నియమమును సడలింపకుడు. వాడు ఆ పూట మాతో పలుకలేదు, మేమును ఓర్చుకొంటిమి.

ఆ మధ్యాహ్నము అక్కయ్య కుమారునికి అన్నము వడ్డించుచు, “దిబ్బ మూరెడుకన్న పెంచవద్దు. టోపీ, చేతితొడుగులు లేకుండా ఎక్కవద్దు. ఒంటరిగా వెళ్లవద్దు” అనెను. వాడు సరే అనెను. బండి అమ్ముమను మాట రాలేదు. తరువాత మాతో, “భయము పోలేదు, చెల్లీ. కాని ఏమడుగవలెనో తెలిసినది” అనెను.

మొన్న ఆమె ఫోను చేసినపుడు కుశలప్రశ్నలైన పిమ్మట మెల్లగా అడిగినది: “వాడు నాలుగు కిలోలు ఒళ్లు చేసినాడు. మరల కొలవవలెను గదా?” ఔనంటిమి. పాలపద్దు తన దగ్గరనే పెట్టుకొన్నదట.