మా ఇంటి ఏనుగు

"ఏనుగు బతికినా వెయ్యి వరహాలే, చచ్చినా వెయ్యి వరహాలే" అన్నది పెద్దల మాట. ఆ సామెతను చిన్ననాట తెలుగు వాచకంలో చదివి, పరీక్షలో సొంతవాక్యంలో ప్రయోగించి రెండు మార్కులు సంపాదించిన మేము, దాని అసలు అర్థాన్ని ముప్పై ఏళ్ళు దాటిన తరువాత, మా ఇంటి ముంగిట వేపచెట్టు క్రింద నేర్చుకొన్నాము. విద్యార్థులుగా ఈ కళాశాలలో మేము చదివిన పాఠాలలో చాలా భాగం మరచిపోయినా, ఆ వేపచెట్టు క్రింది పాఠం మాత్రం మరపునకు రాదు. దానిని మా తరువాతి తరం విద్యార్థులతో పంచుకొనడం ఉచితమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

"మేము" అనగా మా అన్నదమ్ములం ఇద్దరం. ఒకరు సహకార బ్యాంకులో గుమాస్తా, మరొకరు విద్యుత్ శాఖలో చిరుద్యోగి. మా నాన్నగారు కర్నూలు డిపోలో 31 సంవత్సరాలు బస్సు నడిపి పదవీ విరమణ చేసినవారు. పది లక్షల కిలోమీటర్లు దాటిన బస్సులను సైతం శ్రీశైలం ఘాటు మీద మచ్చ లేకుండా నడిపిన ఆ చేతులకు సొంత కారు అన్నది ఏనాడూ దక్కలేదు. ఆ వెలితిని తీర్చవలెనన్నది మా కోరిక. ఆ కోరిక నిజమే. అయితే ఆ కోరిక వెనుక మరొకటి దాగి ఉన్నదని అప్పుడు మేము ఒప్పుకొనలేదు. వీధిలో నలుగురూ తలతిప్పి చూడవలెనన్న ఆశ అది.

2022 సంవత్సరం చివర మా చేతిలో ఎనిమిది లక్షల పైచిలుకు సొమ్ము ఉన్నది. ఆ సొమ్ముకు కొత్తగా ఒక చిన్న పెట్రోలు కారు వచ్చేది. కాని హైదరాబాదులోని ఒక పాతబండ్ల వ్యాపారి వద్ద, జర్మనీ దేశపు సంస్థ ఒకటి తయారుచేసిన పెద్ద డీజిలు ఎస్.యు.వి. మా కంటబడింది. కొత్తగా ఉన్ననాడు దాని వెల అర కోటికి పైమాట. ఇప్పుడు 8 లక్షల 25 వేలు. తిరిగినది 1,86,400 కిలోమీటర్లు. ఇంత చౌక ఎందుకన్న ప్రశ్న మాకూ పుట్టింది. దానికి సమాధానం ఆ బండి నంబరు పలకపైనే ఉన్నది. అది ఢిల్లీ బండి.

ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాలలో పదేళ్ళు నిండిన డీజిలు వాహనాలు తిరగరాదని జాతీయ హరిత న్యాయస్థానం 2015లో ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా దానిని సమర్థించింది. తరువాతి కాలంలో ఆ నిబంధన అమలులో మార్పులు వచ్చినా, మేము బండి చూసిన నాటికి అక్కడి యజమానులకు గడువు ముంచుకువస్తే దొరికిన ధరకు అమ్ముకొనడమే మార్గంగా ఉండేది. అటువంటి బండ్లు నిరభ్యంతర పత్రంతో దక్షిణాదికి వరదలా వచ్చాయి. మా బండి 2013 మార్చిలో రిజిస్టరైనది. గడువు ఇక మూడు నెలలు. "బండిలో లోపం లేదు, చట్టంలో ఉన్నది" అని వ్యాపారి నవ్వుతూ చెప్పినాడు. ఆ మాటలో సగం నిజం ఉన్నది. మిగిలిన సగాన్ని కనుగొనే అవకాశం మాకు ఆనాడే దొరికింది, మేమే జారవిడుచుకొన్నాము.

జరిగినది ఇది. వ్యాపారి తాళం తిప్పగా ఇంజను పిల్లి గురకవలె మెత్తగా పలికింది. మేము మురిసిపోతూ తోలు ఆసనాలను నిమురుతున్నాము. నాన్నగారు మాత్రం అంతకు ముందే ముందుకు వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "ఇది మనం రాకముందే నడిచింది. డీజిలు ఇంజను గుణం పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తెలుస్తుంది. రేపు ఉదయం మళ్ళీ వద్దాము" అన్నారు. మరునాడు మాకు సెలవు లేదు. పైగా మరొకరు బయానా ఇవ్వబోతున్నారని వ్యాపారి తొందరపెట్టినాడు. "నాన్నగారూ, ఇది బస్సు కాదు, ఇందులో అన్నీ కంప్యూటర్లే" అన్నాము మేము. ఆయన చెయ్యి తీసి, జేబురుమాలుతో తుడుచుకొని, మరి మాట్లాడలేదు.

ఆ చెయ్యి ఏమి అడిగిందో చెప్పవలెనంటే డీజిలు ఇంజను సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని నిప్పురవ్వ అంటిస్తుంది. డీజిలులో ఆ రవ్వ ఉండదు. గాలిని సుమారు పదహారు, పదిహేడు వంతులకు అదిమిపెట్టగా పుట్టే వేడికే ఇంధనం తనంతట తాను మండుతుంది. లోపలి భాగాలు అరిగి ఆ అదుము తగ్గినా, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు పాడైనా, చల్లని ఇంజను అంటుకొనడానికి మొరాయిస్తుంది, పొగ కక్కుతుంది, వణుకుతుంది. వేడెక్కినాక ఆ దోషాలు చాలావరకు కప్పుబడిపోతాయి. ముందే వేడిచేసి చూపించిన ఇంజను, పూసిన రంగు క్రింద గోడ బీటవంటిది.

ఈ యంత్రాన్ని రూపొందించిన రుడాల్ఫ్ డీజెల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో దానిని జయప్రదంగా నడిపి చూపినాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో అటువంటి ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచిందన్న సంగతి మా రాయలసీమ వారికి సంతోషం కలిగించేదే. అంతటి మేధావి చివరకు అప్పుల పాలై, 1913 సెప్టెంబరులో ఇంగ్లండుకు పోతున్న ఓడ నుండి రాత్రివేళ మాయమైనాడు. ఆయన యంత్రం లోకాన్ని మోసింది గాని, ఆయన లెక్కలను మోయలేకపోయింది. ఈ కథ బండి కొనకముందే చదివి ఉంటే మేము కొంచెం జంకి ఉండేవారమేమో!

బండి ఇంటికి వచ్చిన రోజు పండుగే. షాద్‌నగర్, జడ్చర్ల దాటి, బీచుపల్లి వద్ద కృష్ణ వంతెన మీదుగా వస్తుంటే లోపల గడియారం ముల్లు చప్పుడైనా వినబడేంత నిశ్శబ్దం. ఆలంపూరు చౌరస్తా వద్ద స్టీరింగు నాన్నగారికి అప్పగించినాము. ఆయన కూర్చొని, అద్దం సవరించి, అలవాటు చొప్పున ఒక్కసారి వెనుకకు చూసినారు, ప్రయాణికులందరూ ఎక్కినారా అన్నట్లు. ఆ చూపు కోసం ఎన్ని లక్షలైనా పెట్టవచ్చునని ఆ క్షణంలో మాకు అనిపించింది. డీజిలు బంకులో కుర్రవాడు పరుగున వచ్చినాడు. పెళ్ళి పందిళ్ళ వద్ద మా బండికి ముందు వరుసలో చోటు దొరికింది. ఏనాడూ పలకరించనివారు "ఎప్పుడు కొన్నారు సార్?" అని అడిగినారు. ఆ ఆనందం అబద్ధమని మేము చెప్పబోము.

తరువాత లెక్కలు మొదలైనాయి. రాష్ట్రం మారిన బండికి ఇక్కడ జీవిత పన్ను కట్టవలెను. ఆ పన్నును మేమిచ్చిన ధర మీద గాక, బండి తొలి వెల మీద, దాని వయసును బట్టి లెక్కకట్టినారు. 2 లక్షల 60 వేలు! చేతిలో లేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక నిల్వ, మా చెల్లెలి ఎం.ఫార్మసీ చదువుకోసం బ్యాంకులో వేసిన మూడు లక్షలు. "తాత్కాలికంగా" అన్న మాట ఒకటి పలికి దానిని తీసినాము. మానవుడు తనను తాను మోసగించుకొనడానికి కనిపెట్టిన మాటలలో ఇంతకంటె తీయనిది లేదు. ఆపై టైర్లకు, బ్యాటరీకి 1 లక్షా 5 వేలు. ఫిబ్రవరిలో చలి ఉదయాలలో ఇంజను వణకడం మొదలుపెడితే ఇంజెక్టర్లకు, నూనెలకు 55 వేలు. నాన్నగారి అరచెయ్యి అడిగిన ప్రశ్నకు జవాబు అది. ఆయన మాత్రం "నేను చెప్పలేదా?" అని ఒక్కమాట అనలేదు. ఆ మౌనం కంటె కోప్పడినా బాగుండేదని మాకు తోచింది.

2023 జూన్‌లో ఒక ఉదయం ఆయన మమ్ములను నిద్ర లేపి, "రండి, మీ ఏనుగు మోకరిల్లింది" అన్నారు. పోయి చూడగా బండి ముందుభాగం నేలకు వంగి ఉన్నది. ఇటువంటి బండ్లలో కొన్నింటికి ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు ఉంటాయి. ప్రయాణం పూలపల్లకీవలె ఉండడం వాటి మహిమే. కాని రబ్బరుకు వయసు ఉన్నది. పదేళ్ళకు అది బీటలు వారి గాలి కారుతుంది. ఆ లోటు తీర్చడానికి గాలిపంపు విరామం లేకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. నంద్యాల రోడ్డు ఉస్తాద్ వచ్చి, క్రింద పడుకొని చూసి, నాన్నగారితో, "డ్రైవరన్నా, నీ బస్సు అయితే పట్టీ మార్చి సాయంత్రానికి పంపిస్తును. దీనికి నా చెయ్యి చాలదు, దీని కంప్యూటరే వేరే ఉండాల. సామాను పట్నం నుంచి రావాల" అన్నాడు. పట్నం నుండి వచ్చిన అంచనా 2 లక్షల 85 వేలు.

అదే వారంలో చెల్లెలికి సీటు వచ్చిన కబురు అందింది. ఆగస్టు నెలాఖరులోగా రుసుము కట్టవలెను. ఆ రాత్రి భోజనాల వద్ద ఎవరమూ మాట్లాడలేదు. చివరకు ఆమె, "అన్నా, నేను వచ్చే సంవత్సరం చేరుతానులే. బండి బాగుచేయించండి" అన్నది. ఆ పిల్ల నిష్ఠూరంగా అనలేదు, మనసారా అన్నది. మేము తల వంచుకొన్నాము. నాన్నగారు చెయ్యి కడుక్కొని లేచి, "బండి ఆగితే నడిచి పోవచ్చు. చదువు ఆగితే మనిషి ఆగిపోతుంది. రేపు బండికి బేరం పెట్టండి" అన్నారు. మేము కొనిచ్చిన బండి విషయంలో ఆయన చేసిన మొదటి ఆజ్ఞ, చివరి ఆజ్ఞ అదే.

నలభై రోజులు ఆ ఏనుగు వేపచెట్టు క్రింద మోకాళ్ళ మీదనే ఉన్నది. చూడవచ్చినవారందరూ దానిని నిలబెట్టే ఖర్చును లెక్కవేసి ధర తగ్గించినవారే. చివరకు 3 లక్షల 40 వేలకు లారీ మీద ఎక్కించి పంపినాము. రుసుము గడువుకు రెండు రోజుల ముందు కట్టినాము. బ్యాంకు గుమాస్తా అయిన మాలో ఒకరు కాగితం మీద లెక్క తేల్చినారు. పెట్టినది 12 లక్షల 45 వేలు, తిరిగి వచ్చినది 3 లక్షల 40 వేలు, పోయినది 9 లక్షల 5 వేలు. తిరిగినది 6,200 కిలోమీటర్లు. అనగా డీజిలు గాక కిలోమీటరుకు 146 రూపాయలు. ఏనుగు చచ్చినా వెయ్యి వరహాలే అన్న సామెత అసలు ఏనుగులకే గాని ఇనుప ఏనుగులకు చెల్లదు.

తప్పు ఆ బండిదని మేము అనము. ఎక్కువ తిరగడమూ తప్పు కాదు. పది లక్షల కిలోమీటర్ల బస్సులు నడిచినది డిపోలో వేళకు నూనె మారి, వేళకు భాగాలు మారినందువల్ల. దారి పొడవునా రహదారి మీద తిరిగి, చేసిన ప్రతి పనికీ రసీదు ఉన్న బండి, ఊరిలో తిరిగిన తక్కువ కిలోమీటర్ల బండికంటె మేలు కావచ్చును. మేము గ్రహించనిది ఒక్కటే. కాలం గడిచేకొద్దీ బండి ధర పడిపోతుంది గాని, దాని భాగాల ధర పడిపోదు. ఎనిమిది లక్షలకు కొన్నా అది అర కోటి బండి. దాని ఆకలి అర కోటి బండి ఆకలే.

విద్యార్థి మిత్రులారా, రేపు మీరు సంపాదనపరులై ఇటువంటి బేరానికి పోయినప్పుడు ఈ కొద్ది సంగతులు జ్ఞాపకం ఉంచుకొనండి. ఇంజను చల్లగా ఉన్న వేళనే పోయి చూడండి. మీటరులోని అంకెను నమ్మక, చాసిస్ నంబరుతో సర్వీసు చరిత్ర తెప్పించండి. పెడళ్ళ రబ్బరు, స్టీరింగు తోలు ఎంత అరిగినవో అంకెతో పోల్చి చూడండి. కంప్యూటరు పరీక్షకు ఒప్పుకొనని వ్యాపారి వద్ద బయానా పెట్టకండి. టైర్లు, సస్పెన్షన్, గేర్‌బాక్సు భాగాల ధరలు బేరానికి ముందే కనుక్కొని, బండి ధరలో కనీసం మూడవ వంతు విడిగా ఉంచుకొనండి. పొరుగు రాష్ట్రపు బండి అయితే నిరభ్యంతర పత్రం, పాత జరిమానాలు, తీరని అప్పు, ఇక్కడ కట్టవలసిన పన్ను, ఇవన్నీ చూసిన మీదటనే చెయ్యి చాచండి. రోజూ ఊరిలో నాలుగు కిలోమీటర్లు తిరిగేవారికి డీజిలు తగదు. మసిని పట్టి ఉంచే వడపోత గల బండ్లలో అది శుభ్రపడడానికి దూరప్రయాణపు వేడి కావలెను. అన్నింటికంటె ముఖ్యం, ఇంట్లో ఒకరి కోసం దాచిన సొమ్మును మరొకరి ముచ్చటకు ముట్టకండి.

మా చెల్లెలు 2025లో చదువు పూర్తి చేసింది. అంతకు ముందు సంవత్సరం మేము ఏడేళ్ళ వయసు గల ఒక చిన్న పెట్రోలు కారు కొన్నాము. ఉదయం ఆరు గంటలకే నాన్నగారిని వెంటబెట్టుకొని పోయినాము. ఆయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి కొంతసేపు నిలబడినారు. మేము నోరు మెదపలేదు.

"చల్లగా ఉన్నది. ఇప్పుడు తాళం తిప్పమనండి" అన్నారు.

ఆ కారును చూసి వీధిలో ఎవరూ తలతిప్పలేదు. అది ఇప్పటికీ మా ముంగిట నాలుగు కాళ్ళ మీద నిలబడే ఉన్నది. పెద్దల అనుభవానికి కంప్యూటరు సాటి రాదని కాదు. రెండూ చెప్పేది వినవలెనని, వినడానికి ఒక్క ఉదయం ఆగవలెనని మేము తెలుసుకొన్నాము. ఆ ఒక్క ఉదయం వెల మాకు తొమ్మిది లక్షల ఐదు వేలు పడినది. ఇది చదివిన మీకు ఊరకే దక్కితే మా నష్టంలో కొంతైనా తీరినట్లే.