డెక్కు లోపలి తేమ

చెసాపీక్ అఖాతపు తీరమున, మేరీలాండ్‌లోని ఒక చిన్న రేవులో, ఆ తెరచాప పడవ ఏప్రిల్ మాసమంతా నేలపైనే నిలిచి ఉన్నది. 1970వ దశకములో నిర్మితమైన ఫైబర్‌గ్లాస్ పడవ అది. యజమానికి తండ్రి నుండి సంక్రమించినది. వాన కురిసినప్పుడెల్లా లోపలి పడకపై నాలుగు చుక్కలు పడుతుండేవి. పైనున్న కిటికీయే కారణమని భావించి, ఆయన దాని చుట్టూ మూడుమార్లు సిలికాన్ పూశారు. చుక్కలు ఆగలేదు.

గత శరదృతువులో తొమ్మిదేళ్ల కుమార్తె డెక్కు అంచునున్న రక్షణ తీగకు వీపు ఆనించి కూర్చున్నది. తీగను మోసే ఉక్కు స్తంభము వ్రేలెడు దూరము వెలుపలికి వాలినది. ఆ బాలిక గమనించనే లేదు. ఆయనకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ కాలపు పడవలలో అనేకమునకు డెక్కు ఏకఘనము కాదు. పైనొక ఫైబర్‌గ్లాస్ పొర, క్రిందనొకటి, నడుమ తేలికైన బాల్సా కొయ్య. బోల్టు రంధ్రము ఆ మూడింటినీ భేదించుకొని పోతుంది. ఆ కొయ్యకు రక్షణ స్తంభపీఠము క్రింది పూత ఒక్కటే. ఎండకు, చలికి, స్తంభపు కదలికకు ఆ పూత విడివడిన నాడు నీరు కొయ్యలో ప్రవేశిస్తుంది. వెలుపల మెరుగు చెడదు. లోపల కొయ్య కుళ్లుతూనే ఉంటుంది. చుక్క పడిన చోట మూలము ఉండనక్కరలేదు; నీరు లోలోపల ఎంతో దూరము పయనించి ఎక్కడో బయటపడుతుంది. పాపము, కిటికీ నిర్దోషి.

స్క్రూడ్రైవరు పిడితో డెక్కును తట్టుతూ పోగా, దృఢమైన చోట ఖణేల్‌మన్న ధ్వని, ఆ పీఠము వద్ద మాత్రము మొద్దు శబ్దము. నాలుగు బోల్టులు ఊడదీయగానే గోధుమవర్ణపు నీరు కారినది. అదృష్టవశమున కుళ్లు అరచేతి వైశాల్యమును దాటలేదు. దాటి ఉంటే పై పొరనే కోయవలసి వచ్చేది. వంచిన మేకుతో మెత్తబడిన కొయ్యను తోడివేసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ కుహరమును చిక్కని ఎపాక్సీతో నింపారు. అది గట్టిపడిన పిమ్మట దాని నడుమనే నూతన రంధ్రము చేశారు. ఇకపై పూత విఫలమైనా ఆ రంధ్రము గుండా నీరు కొయ్యను తాకదు.

శాశ్వతముగా అతుక్కొనే పూత వాడుమని పొరుగు పడవవారు సూచించారు. ఆయన అంగీకరించలేదు, ఏనాటికైనా మరల ఊడదీయవలసినదే కదా! బోల్టుల చుట్టూ బ్యూటైల్ టేపు చుట్టి, పీఠమును అమర్చారు. డెక్కుపై భార్య బోల్టు తల తిరుగకుండ పట్టుకొనగా, ఆయన అల్మారాలో ముడుచుకొని క్రిందినుండి నట్టు మాత్రమే త్రిప్పారు. తల తిరిగితే పూత చెదురుతుంది. ఒక్కసారి బిగించక, వెలుపలికి ఉబికిన బ్యూటైలును తొలగిస్తూ, మూడు దినములు కొద్దికొద్దిగా బిగించారు.

నాలుగవ దినమున ఆయన తన బరువంతా ఆ స్తంభముపై మోపి చూశారు. కదలలేదు. కుమార్తె వచ్చి కూర్చుంటానన్నది. ఇంకా పదకొండు పీఠములు తట్టి చూడవలసి ఉన్నవి. అంతవరకు డెక్కు మధ్యనే కూర్చోమన్నారు.